మాట నేర్పే ముందు మనసుకు ఉపవాసం

[తెరపై: జువాంగ్‌జీ గ్రంథం, 4వ అధ్యాయం]

క్రీ.పూ. 4వ శతాబ్దపు చైనా తావో తాత్త్వికుడు జువాంగ్‌జీ పేరిట ఉన్న గ్రంథంలో, నాలుగో అధ్యాయం ఒక ప్రయాణ సన్నాహంతో మొదలవుతుంది. ప్రజల ప్రాణాలను లెక్కచేయని వెయ్ రాజ్యపు యువ పాలకుణ్ణి దారిలో పెట్టాలని యాన్ హుయ్ అనే శిష్యుడు బయలుదేరుతూ, గురువు కన్ఫ్యూషియస్ దగ్గర సెలవు తీసుకోవడానికి వస్తాడు. ఇక్కడ కన్ఫ్యూషియస్ నోట పలికేవి తావో భావాలే గనుక, వీటిని ఆయన చారిత్రక బోధలుగా భావించకూడదు.

శిష్యుడు అన్నీ ఆలోచించుకునే వచ్చాడు. లోపల నిజాయితీని వదలడు, పైకి వినయంగా ఉంటాడు, తప్పు ఎత్తిచూపవలసి వస్తే పూర్వుల మాటగా చెబుతాడు. ఇన్ని ఎత్తుగడల వల్ల శిక్ష తప్పుతుందేమో గానీ పాలకుడు మారడని గురువు తేల్చి, ఉపవాసం ఉండమంటాడు. తమది పేద కుటుంబమని, మద్యం ముట్టి నెలలు గడిచాయని, అది ఉపవాసం కాదా అని యాన్ హుయ్ అడుగుతాడు. అది పూజలకు ముందు ఉండే ఉపవాసమని, తాను చెప్పేది మనసు ఉపవాసమని గురువు వివరిస్తాడు: చెవితో కాక మనసుతో, మనసుతోనూ కాక ప్రాణశక్తితో వినాలి, అది ఖాళీగా ఉండి, ఎదురైన దేనికైనా చోటిస్తుంది.

[తెరపై: ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు విద్యార్థులు]

కమ్యూనికేషన్ తరగతుల్లో మనం ఎక్కువగా నేర్పేది యాన్ హుయ్ సన్నాహాన్నే. ఉచ్చారణ, హావభావాలు, వాదన క్రమం అవసరమే. అయితే జవాబు ముందే సిద్ధం చేసుకున్నవాడు ఎదుటివారి మాట పూర్తయ్యేదాకా ఆగుతాడే తప్ప వినడు. అందుకే సాధన వినడంతోనే మొదలుకావాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఒక విద్యార్థి తనకు నిజంగా ఇబ్బందిగా ఉన్న విషయం, హాస్టల్ గదిలోని తగాదా వంటిది, చెప్పాలి. రెండోవాడు సలహా ఇవ్వకుండా, విన్నదాన్ని తిరిగి చెప్పాలి. మొదటివాడు "అవును, నేనన్నది ఇదే" అనేవరకు తన అభిప్రాయం చెప్పకూడదు. తొలిసారి చాలామంది తిరిగి చెప్పేది తమ సలహానే. ఆ తేడాను ఉపాధ్యాయుడు ఎత్తిచూపకుండా, మాట్లాడినవాడే "కాదు" అనేలా వదిలేయాలి. విద్యార్థి మాట కోసం తడుముకుంటున్నప్పుడు వాక్యం అందించకుండా ఆగడం కూడా ఉపాధ్యాయుడు అలవాటు చేసుకోవలసిన ఉపవాసమే. ఆ కొద్ది క్షణాల్లో దొరికిన మాట, తప్పుగా ఉన్నా, విద్యార్థి సొంతమవుతుంది.