గల్లాపెట్టెలో ఉన్నదంతా లాభమేనా?

అందరికీ నమస్కారమండీ. ఇవాళ చిన్న వ్యాపారం చేసుకునేవాళ్ల డబ్బు లెక్కల గురించి మాట్లాడుకుందాం, అంటే కొందరికి బాగా తెలుస్తాయి కొందరికి తెలీవు, ఎందుకలా అని.

చదువు లేదు కాబట్టి లెక్కలు రావు అంటారు చాలామంది. నాకైతే అది సగమే నిజం అనిపిస్తుంది. ఒక వస్తువు మీద ఎంత మిగిలిందో నోటిలెక్కన టక్కున చెప్పేసే మనిషే, నెల తిరిగాక షాపు మొత్తం మీద ఎంత మిగిలింది అని అడిగితే తల గోక్కుంటాడు, ఎందుకంటే మొదటి లెక్క రోజుకి వందసార్లు అవసరం పడుతుంది, రెండోది లోన్ కోసం వెళ్లినప్పుడు తప్ప ఎవరూ అడగరు. పైగా అరువిచ్చిన సరుకు అమ్మినట్టే కనపడుతుంది కానీ డబ్బు మాత్రం రాదు, పద్దులో లాభం ఉంటుంది, గల్లా ఖాళీ.

2014లో 140కి పైగా దేశాల్లో అప్పు తీర్చే సత్తాకి రేటింగ్‌లిచ్చే కంపెనీ స్టాండర్డ్ అండ్ పూర్స్ వాళ్ల సర్వే ఒకటి జరిగింది. వ్యాపారులనే కాదు, పెద్దవాళ్లందర్నీ అడిగారు, వడ్డీ, చక్రవడ్డీ, ధరల పెరుగుదల, రిస్క్, ఈ నాలుగింట్లో మూడు తెలిస్తే పాస్. పాసైంది ముగ్గురిలో ఒక్కరే! మగవాళ్లు 35 శాతం, ఆడవాళ్లు 30. అయితే తర్వాత నెదర్లాండ్స్‌లో ఇలాంటి ప్రశ్నలే అడుగుతూ "తెలీదు" అనే ఆప్షన్ తీసేసి చూస్తే, అంతకుముందు తెలీదు అన్న ఆడవాళ్లు చాలామంది కరెక్ట్‌గానే చెప్పారట, అంటే కొంత తేడా ధైర్యానిదే అన్నమాట.

ఇంకోటి, అప్పిచ్చేవాళ్ల భాష. 12 శాతం ఫ్లాట్ అంటారు, వినడానికి తక్కువే. నెలనెలా వాయిదా కడుతుంటే అసలు తగ్గుతూ వస్తుంది కదా, వడ్డీ మాత్రం మొదట తీసుకున్న మొత్తం మీదే పడుతుంది, ఏడాది అప్పుకి తగ్గే బాకీ మీద లెక్కేస్తే అది 21 శాతం దాటుతుంది. ఇది తెలీకపోవడం ఒక్క కట్టేవాడి తప్పేనా చెప్పండి?

మరి క్లాసులు పెడితే సరిపోతుందా అంటే, డొమినికన్ రిపబ్లిక్‌లో చిన్న అప్పులు తీసుకున్న వ్యాపారులకి రెండు రకాలుగా నేర్పించి చూశారు, ఫలితాలు 2014లో అచ్చయ్యాయి. కొందరికి అకౌంటింగ్ పాఠాలు, దానివల్ల పెద్ద మార్పేం రాలేదు. ఇంకొందరికి చిన్న చిన్న సూత్రాలు, ఇంటి డబ్బు ఒక సొరుగులో షాపు డబ్బు ఇంకో సొరుగులో పెట్టుకోండి, ఇందులోంచి అందులోకి తీస్తే చీటీ రాసి పెట్టండి, ఇలాంటివే. వీళ్ల లెక్కలు మెరుగుపడ్డాయి, గిరాకీ లేని వారాల్లో అమ్మకాలు కూడా.

వినడానికి చాలా సింపుల్‌గా ఉంది కదా. కానీ గల్లాలో చెయ్యి పెట్టేది ఓనర్ ఒక్కడే కాదండీ, ఇంట్లోవాళ్లూ తీస్తారు, చుట్టాలూ అడుగుతారు, సొంత మనుషుల ముందు చీటీ రాయాలంటే మొహమాటం, చాలామంది లెక్క అక్కడే తప్పుతుంది.

ఉంటానండీ, నమస్కారం.