నిఘంటువులో దొరకని మాట

అందరికీ నమస్కారం.

అధ్యక్షుల వారు నన్ను పరిచయం చేస్తూ "రాక్ పాటల అంతరార్థాలను విడమరచి చెప్పగలవారు" అన్నారు. నేను మొట్టమొదట విడమరచిన అంతరార్థం ఎంత ఘోరంగా తప్పిందో ముందు చెబుతాను. ఆ తర్వాత కూడా ఓపిక ఉన్నవారు కూర్చోండి.

పదిహేడేళ్ల వయసులో నా చేతికి 'హోటల్ కాలిఫోర్నియా' క్యాసెట్ వచ్చింది. ఈగిల్స్ అనే అమెరికన్ రాక్ బృందం 1976 డిసెంబరులో విడుదల చేసిన ఆల్బమ్ అది. నాకు దొరికిన క్యాసెట్‌లో పాటల సాహిత్యం అచ్చు వేసిన కాగితం లేదు. వినడం, ఆపడం, వెనక్కి తిప్పడం, మళ్లీ వినడం. వెనక్కి తిప్పే మీట మీద గుర్తు చెరిగిపోయింది, నా బొటనవేలు మీద కాయ కాసింది. ఆల్బమ్ పేరే ఉన్న పాటలో, మొదటి చరణంలోనే ఎడారి గాలిలో ఒక వాసన తేలి వస్తుంది. దేని వాసన? "కోలిటాస్" వాసన. ఇంగ్లిష్ నిఘంటువు తీశాను. ఆ మాట లేదు. ఉండవలసిన చోటికి దగ్గర్లో ఇంకో మాట ఉంది. కొలైటిస్. అర్థం, పెద్దపేగు వాపు.

బుద్ధి ఉన్నవాడు అక్కడ ఆగుతాడు. నేను ఆగలేదు. పేగు వాపు ఉందంటే అది హోటల్ కాదు, ఆసుపత్రి! కొవ్వొత్తి వెలిగించి దారి చూపే స్త్రీ రాత్రి విధుల్లో ఉన్న నర్సు. నడవాలో వినిపించే గొంతులు రోగులవి. చివరికి ఎవరూ బయటికి వెళ్లలేకపోవడానికి కారణం బిల్లు కట్టలేకపోవడం. నోటుపుస్తకంలో నలభై పేజీలు నింపాను. స్నేహితులకు చదివి వినిపిస్తే ఒకడు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నవ్వండి, పర్వాలేదు. కానీ ఒక్క సంగతి గమనించండి. నా వ్యాఖ్యానం పూర్తిగా అతికింది. ఒక్క పంక్తి కూడా ఎదురు తిరగలేదు. నన్ను ఇప్పటికీ భయపెట్టేది అదే.

కోలిటాస్ స్పానిష్ మాట. చిన్న తోకలు అని అర్థం. గంజాయి మొక్క మొగ్గలకు వాడుక పేరు. అంటే ఆ ఒక్క మాట వరకు, ప్రతి పాటలోనూ మత్తుమందు వెతికేవాళ్లదే గెలుపు. వాళ్లంటే నాకు చిరాకు, అయినా ఒప్పుకోక తప్పదు. పాట మొత్తం దేని గురించి అని అడిగితే, రాసినవారిలో ఒకరైన డాన్ హెన్లీ చెప్పింది ఇంతే. అమాయకత్వం నుంచి అనుభవానికి సాగిన ప్రయాణం అని. నలభై పేజీలకు ఒక వాక్యం జవాబు!

మన మల్లినాథసూరి కాళిదాసుకు టీక రాస్తూ ఒక మాట ఇచ్చాడు. మూలంలో లేనిది రాయను, అవసరం లేనిది చెప్పను అని. ఆ మాట ఇచ్చి నిలబెట్టుకున్న రాక్ వ్యాఖ్యాతను నేను ఇంతవరకూ చూడలేదు, అద్దంలో కూడా.

అసలు ఈ రోజు అయిదు పాటల గురించి మాట్లాడాలని కాగితం మీద రాసుకొచ్చాను. రెండోది 'లూయీ లూయీ'. అన్నిటికన్నా నాకు ఇష్టమైన కథ ఇదే కాబట్టి కాస్త ఎక్కువ సమయం తీసుకుంటాను, క్షమించాలి. రిచర్డ్ బెరీ రాసిన పాట. 1957లో వచ్చింది. ఒక నావికుడు తన ప్రియురాలి కోసం జమైకాకు వెళ్లిపోతానని లూయీ అనేవాడితో చెప్పుకుంటాడు. అంతకుమించి అందులో ఏమీ లేదు. 1963లో కింగ్స్‌మెన్ అనే కుర్రాళ్ల బృందం అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో దాన్ని రికార్డు చేసింది. మైకు బాగా ఎత్తులో వేలాడుతోంది. పాడే జాక్ ఈలీ తల పైకెత్తి అరవాలి. పళ్లకేమో తీగల క్లిప్పులు. ఇక మాటలు ఎలా వినబడతాయి? మాటలు వినబడకపోతే ఊహకు అడ్డేముంది? పిల్లలు తమకు తోచిన బూతులన్నీ అందులో విన్నారు. పెద్దలు హడలిపోయారు. 1964లో ఒక ఇంటి పెద్ద ఏకంగా అటార్నీ జనరల్ రాబర్ట్ కెన్నెడీకి ఉత్తరం రాశారు. అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ రంగంలోకి దిగింది.

కళ్లు మూసుకుని ఆ దృశ్యం ఊహించండి. కోటు, టై వేసుకున్న పెద్దమనుషులు ప్రయోగశాలలో గ్రామఫోను చుట్టూ కూర్చుని, మూడు నిమిషాలు కూడా లేని పాటను ఒకసారి నిదానంగా, ఒకసారి వేగంగా తిప్పి వింటున్నారు. బొటనవేలు మీద కాయ కాసిన నాకు వాళ్లు అన్నదమ్ముల్లా కనిపిస్తారు. ఫైలు వంద పేజీలు దాటింది. చివరికి తేల్చింది, ఏ వేగంతో విన్నా ఇది అర్థం కాదని. పాడినవాణ్ని పిలిచి "ఏమని పాడావు నాయనా?" అని మాత్రం ఎవరూ అడగలేదు. ఇంకా తమాషా ఏమిటంటే, పాట మొదలైన నిమిషం లోపే డ్రమ్ములు వాయించే అతను చేతిలో పుల్ల జారి నిజంగానే ఒక బూతు మాట అన్నాడని చెబుతారు. దూరంగా, లీలగా. వాళ్లు దాన్ని పట్టుకోలేదు!

సరే, మూడో పాట. బీటిల్స్ అనే బ్రిటిష్ బృందంలోని జాన్ లెనన్ చదివిన బడిలో ఒక ఉపాధ్యాయుడు ఆ బృందం పాటలకు అర్థాలు చెప్పిస్తున్నాడని 1967లో ఒక విద్యార్థి ఉత్తరం రాశాడు. లెనన్‌కు చిలిపితనం పుట్టింది. ఇదిగో దీనికి చెప్పండి తాత్పర్యం అన్నట్టు 'ఐ యామ్ ది వాల్‌రస్' రాశాడు. మరుసటి ఏడాది ఇంకో పాటలో, ఆ వాల్‌రస్ మరెవరో కాదు, తన బృందంలోని పాల్ మెక్‌కార్ట్నీయే అని చమత్కరించాడు. అర్థాలు తవ్వేవాళ్లను ఏడిపించడానికి వేసిన జోకు అది. 1969లో పాల్ చనిపోయాడనే పుకారు లేచినప్పుడు ఆ జోకునే సాక్ష్యంగా పట్టుకున్నారు. బీటిల్స్ ఆల్బమ్ 'ఆబీ రోడ్' అట్ట మీద పాల్ కాళ్లకు చెప్పులు లేకపోవడం రెండో సాక్ష్యం. పాల్ మాత్రం బతికే ఉన్నాడు.

నవ్వుకుంటూ ముగిద్దామనే వచ్చాను. కానీ అలా ముగిస్తే సగమే చెప్పినట్టవుతుంది. 'హెల్టర్ స్కెల్టర్' అంటే బ్రిటన్ తిరునాళ్లలో గోపురం చుట్టూ మెలికలు తిరుగుతూ కిందికి దిగే జారుడుబల్ల. పాల్ 1968లో దాని మీద గోల గోలగా ఒక పాట కట్టాడు. అమెరికాలో ఒక ముఠాకు నాయకుడైన చార్లెస్ మాన్సన్‌కు అందులో జాతుల మధ్య రాబోయే యుద్ధం వినిపించింది. 1969 ఆగస్టులో అతని అనుచరులు హత్యలు చేశారు. ఒక ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద ఆ పాట పేరు రక్తంతో రాశారు. అక్షరాలు కూడా తప్పే రాశారు. ఎప్పుడైనా నా నోటుపుస్తకం గురించి నాకు నేనే ముచ్చటపడుతుంటే ఆ ఫ్రిజ్ తలుపు గుర్తుకొస్తుంది. మాన్సన్‌కు కూడా అన్నీ అతికాయి కదా!

మీలో ఎంతమంది దగ్గర ఇలాంటి నోటుపుస్తకం ఉంది? చేతులెత్తండి. సిగ్గుపడకండి. ముందు వరుసలో వారు ఎత్తబోయి దించేశారు, నేను చూశాను.

చీటీ వచ్చింది, సమయం అయిపోయిందట. నాలుగో పాట 'అమెరికన్ పై'. అర్థం ఏమిటని అడిగితే, దాన్ని రాసి పాడిన డాన్ మెక్‌లీన్, ఇక జీవితంలో పని చేయనక్కర లేదని అర్థం అన్నాడు. 2015లో దాని రాతప్రతి పన్నెండు లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. పరాచికంగా చెప్పినా ఆయన వ్యాఖ్యానం అక్షరాలా నిజం. అయిదో పాట వదిలేస్తున్నాను.

మొన్న ఈ ప్రసంగం కోసం పాత నోటుపుస్తకం తీసి చూశాను. ప్రతి మాటకూ ప్రతిపదార్థం ఉంది. నర్సు పేరు కూడా నేనే పెట్టాను. కానీ 'హోటల్ కాలిఫోర్నియా' పాట చివర మాటలన్నీ అయిపోయాక డాన్ ఫెల్డర్, జో వాల్ష్ గిటార్లు రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని రెండు నిమిషాలకు పైగా సాగుతాయి. దాని గురించి నలభై పేజీల్లో ఒక్క వాక్యం లేదు. అక్కడికి రాగానే టేపు వెనక్కి తిప్పేసేవాణ్ని.

మైకు దగ్గర ఉన్న బాబూ, ఆ పాట సిద్ధంగా ఉందన్నావు కదా. మొదటి నుంచి వద్దు. నాలుగున్నర నిమిషాల దగ్గర పెట్టు.