పాపాయి మన నోటివైపు ఎందుకు చూస్తుంది?

అందరికీ నమస్కారం. ముందుగా మీతో ఒక చిన్న పని చేయిస్తాను. పక్కనున్నవాళ్ల వైపు తిరిగి, గొంతు పైకి రాకుండా ‘ఆ’ అనండి. ఇప్పుడు ‘ఈ’ అనండి. ‘ఆ’కి దవడ కిందికి జారింది, ‘ఈ’కి పెదాలు పక్కలకి సాగాయి. చప్పుడు లేకపోయినా ఏది ఏదో పోల్చేశారు. మరి నాలుగున్నర నెలల పాప పోల్చగలదా?

1982లో ప్యాట్రీషియా కూల్, ఆండ్రూ మెల్ట్‌జాఫ్ దీన్నే పరీక్షించారు. 18 నుంచి 20 వారాల పిల్లలు, మొత్తం 32 మంది. ఎదురుగా ఒకే మనిషి ముఖం పక్కపక్కన రెండుసార్లు కనిపిస్తుంది. ఒక ముఖం ‘ఆ’ అంటుంటే రెండోది ‘ఈ’ అంటుంది. వినిపించే అచ్చు మాత్రం ఒకటే, అదీ రెండు ముఖాల నడిమి నుంచి. 24 మంది పిల్లలు ఆ అచ్చుకు సరిపోయే ముఖాన్నే ఎక్కువసేపు చూశారు. నోరు తెరవడం, మూయడం రెండు ముఖాల్లోనూ శబ్దంతో పాటే జరిగేట్టు అమర్చారు కాబట్టి, తాళం కుదిరిందా లేదా అన్న గుర్తుతో కనిపెట్టే వీల్లేదు. మాట తీసేసి, దాని హెచ్చుతగ్గులతో పాటు సాగే ఒట్టి కూతలాంటి ధ్వని పెడితే ఈ మొగ్గు పోయింది. నాకు అసలు ఫలితం కన్నా ఇదే రుచిగా ఉంటుంది: పిల్లలు పట్టుకున్నది మోతను కాదు, అచ్చును. 2003లో ప్యాటర్సన్, వెర్కర్ రెండు నెలల పిల్లల్లోనూ ఇలాంటి జోడింపే చూశారు.

అయితే పిల్లలు ఎప్పుడూ నోటినే చూస్తూ కూర్చోరు. 2012లో లెవ్‌కోవిట్జ్, హాన్సెన్-టిఫ్ట్ చూపు ఎటు పోతోందో కొలిచారు. నాలుగు నెలలప్పుడు కళ్లవైపు. ఎనిమిది నెలలకి, అంటే ‘బబబ’, ‘దదద’లు జోరందుకునే వయసులో, నోటివైపు. ఏడాదికి ఇంటిభాష వింటున్నప్పుడు నోటిమీది పట్టు సడలి చూపు మళ్లీ కళ్లవైపు జరుగుతుంది. తెలియని భాష అయితే ఇంకా నోటినే పట్టుకుని ఉంటుంది. కొత్త ఊళ్లో భాష రాక ఎదుటివాళ్ల పెదాలకేసి చూసే మనలాగే.

ఒక మాట. చూపు లేని పిల్లలూ చక్కగా మాటలు నేర్చుకుంటారు. కాబట్టి ముఖం ఒక ఊత, అంతే.

ఇంకో ఊత పాప సొంత నోరు. మన ‘ద’కి నాలుక కొస పళ్లను తాకుతుంది, ‘డ’కి వెనక్కి మడతపడుతుంది. ఇంగ్లీషు ఇళ్లలో పెరిగే ఆరు నెలల పిల్లలు హిందీలోని ఈ తేడాను విని పట్టగలరు. 2015లో వెలువడిన ఒక ప్రయోగంలో, వినేటప్పుడు నాలుక కొస కదలకుండా ఆపే కొరుకుడు బొమ్మను నోట్లో పెడితే పట్టలేకపోయారు. నాలుకకు అడ్డురాని మరో రకం బొమ్మ పెట్టినప్పుడు పట్టారు. పిల్లలు అప్పుడు మాట్లాడటం లేదు, ఊరికే వింటున్నారు.