పొద్దున్నే లారీ స్టార్ట్ కాకపోతే బ్యాటరీ మార్చే ముందు పొగ చూడండి

[షెడ్డులో క్యాబిన్ ఎత్తి ఉన్న పది టైర్ల లారీ. దాని ముందు ప్రెజెంటర్, చేతిలో సైకిల్ పంపు.]

నమస్తే అన్నా. డిసెంబర్ వచ్చిందంటే నాకు పొద్దున్నే ఫోన్లు మొదలవుతాయి. చింతపల్లి నుంచి, పాడేరు నుంచి, ఆదిలాబాద్ నుంచి. అందరిదీ దాదాపు ఒకే మాట. "అన్నా, చలికి బండి స్టార్ట్ కావట్లేదు. బ్యాటరీలు కూడా కొత్తవి వేయించాను, అయినా కావట్లేదు."

ఆ రెండో మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది. లారీకి రెండు బ్యాటరీలంటే ఎంతవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. సొంత బండి తనే తోలుకునేవాడికి అది ఒక ట్రిప్పులో మిగిలే డబ్బు. అందుకే ఈ వీడియో.

[పంపు చివర బొటనవేలు అడ్డం పెట్టి గబగబా కొడతాడు.]

డీజిల్ ఇంజన్‌కి స్పార్క్ ప్లగ్ ఉండదని మీకు తెలుసు, దాన్ని వదిలేద్దాం. ఈ పంపు చూడండి. చిన్నప్పుడు సైకిల్‌కి గాలి కొట్టినప్పుడు పంపు కింద భాగం చెయ్యి పెట్టలేనంత వేడెక్కేది, గుర్తుందా? గాలిని నొక్కితే వేడి పుడుతుంది. మీ ఇంజన్‌లో జరిగేదీ అదే. సిలిండర్‌లో గాలిని పదహారో, పదిహేడో వంతుకి నొక్కేస్తుంది. ఇంజన్ బాగుండి, జోరుగా తిరిగితే ఆ గాలి 500 డిగ్రీల దాకా వెళ్తుంది. అందులోకి నాజిల్ డీజిల్ కొడుతుంది, అంటుకుంటుంది.

డీజిల్ 250 డిగ్రీల లోపే అంటుకుంటుంది కదా, మరి 500 దేనికి అని అడగొచ్చు. ఎందుకంటే డీజిల్‌కి దొరికే సమయం సెకనులో వెయ్యో వంతులు కొన్ని మాత్రమే. అంతలోనే ఆవిరై అంటుకోవాలి. కాబట్టి వేడి దండిగా ఉండాలి.

ఇప్పుడు ఇదే పంపుని మెల్లగా కొడతాను. వేడెక్కిందా? లేదు. నొక్కేలోపే వేడి ఇనుములోకి పోతోంది. అంటే సెల్ఫ్ మెల్లగా తిరిగితే మీ సిలిండర్ కూడా వేడెక్కదు. పంపు లోపలి తోలు వాషరు అరిగిపోతే ఎంత కొట్టినా వేడి రాదు. మీ ఇంజన్‌లో ఆ తోలు వాషరు పేరే పిస్టన్ రింగులు. ఇక పంపే మంచులా చల్లగా ఉంటే? పుట్టిన వేడినంతా ముందు అదే తాగేస్తుంది. లంబసింగిలో తెల్లవారుజామున మీ బ్లాకు ఉండే పరిస్థితి అది.

అయితే ఇవన్నీ వేడి సంగతులు. వేడి బాగానే ఉండి డీజిలే రాకపోతే? ఇక్కడే అందరూ పొరపడుతున్నారు. ఈ రెంటినీ విడదీయడానికి మీటర్ కూడా అక్కర్లేదు. ఒకరిని సెల్ఫ్ కొట్టమని చెప్పి, మీరు వెళ్లి సైలెన్సర్ దగ్గర నిలబడండి.

సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు తెల్లటి పొగ వస్తూ, పచ్చి డీజిల్ వాసన కొట్టి కళ్ళు మండితే, డీజిల్ వస్తోంది, కాలట్లేదు అని అర్థం. అది వేడి గొడవ. అసలు పొగే రాకపోతే డీజిల్ లోపలికి రావట్లేదు. అప్పుడు మీరు ఎన్ని బ్యాటరీలు మార్చినా ఏం లాభం చెప్పండి?

పోయిన చలికాలం ఒక బండి వచ్చింది. కాఫీ లోడు, చింతపల్లి నుంచి కిందికి దిగాలి. రాత్రి ఆపితే పొద్దున అందుకోదు. పదింటికి ఎండెక్కితే మాత్రం ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. అప్పటికే ఒక షాపులో బ్యాటరీలు మార్చారు, తర్వాత సెల్ఫ్ మోటార్ విప్పారు. నేను ఫోన్‌లోనే అడిగాను, పొగ వస్తోందా తమ్ముడూ అని. చుక్క కూడా లేదన్నాడు. ఫిల్టర్ దగ్గర హ్యాండ్ ప్రైమర్ ఉంటుంది, అంటే చేత్తో నొక్కి డీజిల్ లాగే చిన్న పంపు. అది గట్టిపడేదాకా కొట్టమన్నాను. ముప్పై నలభై సార్లు కొట్టి సెల్ఫ్ వేశాడు. అందుకుంది.

దొరికిన తప్పు ఏంటంటే, ట్యాంకు నుంచి ఫిల్టర్‌కి వచ్చే రబ్బరు పైపు క్లిప్పు దగ్గర సన్నగా పగిలింది. రాత్రంతా అందులోంచి గాలి చేరి డీజిల్ ట్యాంకులోకి వెనక్కి జారిపోతోంది. చలికి రబ్బరు బిగుసుకుని పగులు ఇంకొంచెం తెరుచుకుంటుంది, ఎండెక్కితే మెత్తబడి మూసుకుంటుంది. పైగా చల్లటి డీజిల్ చిక్కగా ఉంటుంది, లాగడం కష్టం. అందుకే ఎండలో బాగుంది. ఇంత చిన్న ముక్క కోసం ఆ కుర్రాడు నెల రోజులు టెన్షన్ పడ్డాడు.

హ్యాండ్ ప్రైమర్ కొడితే స్టార్ట్ అవుతోందంటే బ్యాటరీని వదిలేయండి. పైపులు, క్లిప్పులు, బోల్టుల కింద రాగి వాషర్లు, ఫిల్టర్ సీల్ చూడండి. వాటర్ సెపరేటర్‌లో నీళ్ళుంటే కింద మర విప్పి వదిలేయండి. సగం ఖాళీ ట్యాంకుతో బండి ఆపితే రాత్రి చలికి లోపలి తేమ నీరై దిగుతుంది. వీలైతే ట్యాంకు నిండుగా ఉంచి ఆపండి.

ఇక తెల్ల పొగ వస్తే, మళ్ళీ పంపు దగ్గరికే వద్దాం. ముందు చూడాల్సింది ఎంత వేగంగా కొడుతున్నాం అనేది. 24 వోల్ట్ బండిలో రాత్రంతా ఆగిన బ్యాటరీల జత మీద మీటర్ పెడితే 25 వోల్ట్ల దాకా ఉండాలి. సెల్ఫ్ తిరిగేటప్పుడు 19 కంటే కిందికి పడిపోతే బ్యాటరీలు చూడండి. పడకుండా సెల్ఫ్ నీరసంగా తిరిగితే కేబుళ్ళు. బ్యాటరీ ప్లస్ మీద మీటర్ వైరు ఒకటి, సెల్ఫ్ మోటార్ బోల్టు మీద మీటర్ రెండో వైరు పెట్టి సెల్ఫ్ కొట్టండి. ఒక వోల్టు దాటి చూపిస్తే ఆ కేబుల్‌లోనో, దాని జాయింట్లలోనో కరెంటు పోతోంది. ఎర్త్ కేబుల్‌కీ ఇలాగే చూడండి. తుప్పు పట్టిన ఎర్త్ బోల్టు గీకితే సరిపోయిన బండ్లు నేను చాలా చూశాను.

ఆయిల్ కూడా. 15డబ్ల్యూ40 వేయాల్సిన చోట చౌకగా వచ్చిందని చిక్కగా ఉండే 20డబ్ల్యూ50 వేస్తే చలిలో క్రాంక్ భారంగా తిరుగుతుంది.

[గడియారం వైపు చూస్తాడు.]

టైం అయిపోతోంది, మిగతావి త్వరగా చెప్పేస్తాను. సెల్ఫ్ జోరుగా తిరిగినా తెల్ల పొగే అయితే, ఇంజన్ లోపలికి వెళ్ళే గాలిని వేడిచేసే హీటర్ ఉన్న బండ్లలో హీటర్ రిలే, ఫ్యూజు చూడండి. డ్యాష్ మీద హీటర్ లైటు ఆరేదాకా ఆగి సెల్ఫ్ కొట్టండి. అదీ బాగుంటే ట్యాపెట్లు (వాల్వుల గ్యాపు), నాజిళ్ళు, చివరికి కంప్రెషన్, అంటే గాలిని నొక్కే బలం చూడండి. కామన్ రైల్ బండ్లలో, అంటే నాజిళ్ళన్నిటికీ ఒకే ప్రెషర్ పైపు (రైల్) నుంచి డీజిల్ వెళ్ళే బండ్లలో, ఒక తేడా ఉంది. రైల్‌లో ప్రెషర్ సరిపోకపోతే ఇంజన్ కంప్యూటర్ (ఈసీయూ) నాజిళ్ళను అసలు తెరవదు, పొగ రాదు. ప్రైమర్ కొట్టినా రాకపోతే స్కానర్ పెట్టించి రైల్ ప్రెషర్ చూడండి, నాజిళ్ళ నుంచి వెనక్కి పోయే డీజిల్ (రిటర్న్) కొలిపించండి.

డీజిల్ గడ్డ కట్టిందేమో అని చాలామంది అడుగుతారు. మన దగ్గర మామూలుగా ఆ భయం లేదు. యాపిల్ లోడుకి కశ్మీర్ పైకి వెళ్ళేవాళ్ళు మాత్రం జాగ్రత్త. మన ప్రమాణాల ప్రకారం చలికాలం డీజిల్ 6 డిగ్రీల దాకా ఫిల్టర్‌లోంచి సాఫీగా పోవాలి, అంతకంటే చలికి హామీ లేదు. అందుకే లద్దాఖ్ కోసం 2019లో ఇండియన్ ఆయిల్ మైనస్ 33 డిగ్రీల్లోనూ పారే డీజిల్ తెచ్చింది. చలి ప్రాంతానికి చేరాక అక్కడి బంకులోనే నింపుకోండి. కిరోసిన్ కలపొద్దు, పంపూ నాజిళ్ళూ పోతాయి.

గుడ్డకి నిప్పంటించి ఛాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) కింద పెట్టడం దయచేసి మానేయండి. హీటర్ ఉన్న బండిలో ఇన్‌టేక్‌లో స్టార్టింగ్ స్ప్రే కొట్టొద్దు, పేలుతుంది. సెల్ఫ్ పదిహేను సెకన్లకు మించి పట్టుకోవద్దు, మధ్యలో రెండు నిమిషాలు ఆపండి. ఘాట్ రోడ్డు మీద దొర్లించి స్టార్ట్ చేయడం అసలు వద్దు. గాలి ట్యాంకులు ఖాళీగా ఉంటే బ్రేకులు ఎలా ఉంటాయో మీకు తెలుసు.

రాత్రి బండి ఆపే ముందు ఒకసారి క్యాబిన్ ఎత్తి హ్యాండ్ ప్రైమర్ ఎక్కడుందో చేత్తో పట్టుకుని చూడండి. తెల్లవారుజామున ఆ పొగమంచులో వెతుక్కోవడం కష్టం.