నీళ్ల క్యాన్ ఎవరు మార్చాలి?

[టేబుల్ మీద 20 లీటర్ల నీళ్ల క్యాన్. అడుగున కొంచెం నీళ్లు.]

నమస్తే అండి. ఈ క్యాన్ చూశారా? ఇందులో ఇంకా అర గ్లాసు నీళ్లున్నాయి. ఆ అర గ్లాసు ఎందుకు మిగిలిందో బ్యాచిలర్ రూముల్లో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. పూర్తిగా తాగేస్తే కొత్త క్యాన్ ఎత్తిపెట్టాలి. ఆ కాస్త వదిలేస్తే "ఖాళీ చేసింది నేను కాదు" అనొచ్చు.

అమీర్‌పేటలో ఒకప్పుడు మేం అయిదుగురం ఒక గదిలో ఉండేవాళ్లం. అందులో ఒకడు రోజూ తెల్లారుజామున లేచి, గోడకి ఆనుకుని కూర్చుని, కళ్లు మూసుకుని "సర్వ ప్రాణులూ సుఖంగా ఉండుగాక" అనుకుంటూ 20 నిమిషాలు ధ్యానం చేసేవాడు. లేచి నేరుగా క్యాన్ దగ్గరికెళ్లి, నీళ్లు పట్టుకుని, ఆ అర గ్లాసు వదిలేసేవాడు. సర్వ ప్రాణుల్లో మేం నలుగురం లేమన్నమాట!

వాణ్ణి ఆడిపోసుకోవడానికి చేస్తున్న వీడియో కాదిది. వాడు చేసేదాన్ని మెత్తా ధ్యానం అంటారు. దాని గురించి ఎవరు మాట్లాడినా కళ్లు మూసుకోవడం దగ్గర మొదలుపెట్టి అక్కడే ముగిస్తారు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

ముందు మాట సంగతి. మెత్తా అనేది పాళీ పదం, అంటే పాత బౌద్ధ గ్రంథాల భాషలోది. అందరూ బాగుండాలని కోరుకోవడం అని అర్థం. సంస్కృతంలో మిత్రుడి నుంచి మైత్రి వచ్చినట్టు, పాళీలో మిత్త నుంచి మెత్తా వచ్చింది. మన తెలుగు 'మెత్త'కీ దానికీ ఏ చుట్టరికమూ లేదు. అయినా ఆ శబ్దం వినగానే మనవాళ్లకి దిండు గుర్తొస్తుంది. "మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అంటారు కదండీ, ఇది చేస్తే అందరూ నెత్తికెక్కరూ?" అని నన్నే చాలాసార్లు అడిగారు. దీనికి జవాబు చెప్పాలంటే ఒక పాము దాకా వెళ్లాలి. ముందు చెంబుతో మొదలుపెడదాం.

కౌశాంబి. యమున ఒడ్డున, ఇప్పటి ప్రయాగరాజ్‌కి దగ్గర్లో. అక్కడ ఘోషితారామం అని పెద్ద విహారం. బుద్ధుడు బతికున్న రోజుల్లోనే అక్కడి భిక్షువులు రెండు ముఠాలుగా చీలిపోయి, చేతులు కలబడేదాకా వెళ్లారు. కారణం ఏమిటో తెలుసా? మరుగుదొడ్డిలో చెంబు.

నిజంగానే! అట్టకథల్లో, అంటే పాళీ వ్యాఖ్యానాల్లో, ఆ కథ వివరంగా ఉంది. ఒకాయన ధర్మం బోధించడంలో దిట్ట. ఇంకొకాయన వినయంలో, అంటే సంఘం నియమాల్లో దిట్ట. బోధకుడు దొడ్డికెళ్లి, చెంబులో కొంచెం నీళ్లు మిగిల్చి వచ్చేశాడు. నియమాలాయన తర్వాత వెళ్లి చూశాడు. "ఇది తప్పని తెలియదా?" అన్నాడు. "తెలియదు. తప్పయితే ఒప్పుకుంటాను" అన్నాడు బోధకుడు. "కావాలని చెయ్యలేదు కదా, అయితే తప్పు లేదులే" అన్నాడు ఈయన. అయిపోయింది కదా? లేదు. నియమాలాయన తన శిష్యుల దగ్గరికి పోయి "ఆయనకి తప్పు చేసినా తెలియదు" అన్నాడు. ఆ శిష్యులు వెళ్లి బోధకుడి శిష్యులని దెప్పారు. "అప్పుడు తప్పులేదన్నాడు, ఇప్పుడు తప్పంటున్నాడు, అబద్ధాలకోరు" అని బోధకుడికి మండింది. చిలికి చిలికి గాలివాన అయింది.

ఒక అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఇది రాత్రికి రాత్రే జరిగిపోతుంది కదా? మొహం మీద "పర్లేదండీ" అంటాం, వెనక్కి తిరిగి ఇంకోటి అంటాం. చెంబు అక్కడే ఉంటుంది.

బుద్ధుడు వెళ్లి సర్దిచెప్పబోయాడు. వాళ్లన్న మాట వినయపిటకంలోనే, అంటే సంఘం నియమాల గ్రంథంలోనే ఉంది. సారాంశం ఏమిటంటే, "మీరు ప్రశాంతంగా ఉండండి స్వామీ, మా గొడవేదో మేం చూసుకుంటాం." బుద్ధుడికే! ఆయన ఎవరికీ చెప్పకుండా భిక్షాపాత్ర, కట్టుకునే చీవరం తీసుకుని ఒక్కడే వెళ్లిపోయాడు. ఆ తర్వాత కౌశాంబి జనం ఈ భిక్షువులకి నమస్కారం పెట్టడం మానేశారు, భిక్ష పెట్టడం మానేశారు. కడుపు మాడాక దారికొచ్చారు. ఊరివాళ్ల పద్ధతి నాకు భలే నచ్చుతుంది.

ఇక్కణ్ణుంచి నాకు ఇష్టమైన భాగం. బుద్ధుడు దారిలో ఒక వనానికి వెళ్లాడు. అక్కడ అనురుద్ధుడు, నందియుడు, కింబిలుడు అని ముగ్గురు ఉంటున్నారు. గేటు దగ్గర కాపలావాడు ఆపేశాడు. "లోపల ముగ్గురు పెద్దమనుషులు ధ్యానంలో ఉన్నారు, ఇబ్బంది పెట్టకండి" అని. వాచ్‌మన్‌లు అప్పుడూ అంతే. అనురుద్ధుడు పరిగెత్తుకొచ్చి "ఆయన మా గురువుగారయ్యా" అని లోపలికి తీసుకెళ్లాడు.

బుద్ధుడు అడిగాడు: "మీరు పాలూ నీళ్లూ కలిసినట్టు కలిసిమెలిసి ఉంటున్నారా? ఎలా?" అనురుద్ధుడు చెప్పింది వినండి. ఇలాంటివాళ్లతో కలిసి ఉండటం నా అదృష్టం అనుకుంటాను. వీళ్ల పట్ల చేతలో, మాటలో, మనసులో మెత్తా ఉంచుకుంటాను. ఎదుటా, చాటునా. చాటున కూడా అన్నమాట గమనించారా? చెంబు గొడవ మొత్తం చాటు మాటలతోనే కదా ముదిరింది!

ఇంకా ఉంది. ఊళ్లోంచి భిక్ష తీసుకుని ఎవరు ముందొస్తే వాళ్లు పీటలు వేస్తారు, తాగే నీళ్లు, కాళ్లు కడుక్కునే నీళ్లు పెడతారు. ఎవరు ఆఖరున వస్తే వాళ్లు అన్నీ సర్ది, చోటు ఊడుస్తారు. తాగే నీళ్ల కుండ, వాడుకనీళ్ల కుండ, మరుగుదొడ్డి కుండ, ఏది ఖాళీ అయినా ఎవరి కంట పడితే వాళ్లు నింపుతారు. ఒక్కరివల్ల కాకపోతే చేత్తో సైగ చేసి ఇంకొకరిని పిలిచి ఇద్దరూ కలిసి ఎత్తుతారు. దాని కోసం నోరు తెరవరు.

మరుగుదొడ్డి కుండ! అక్కడ చెంబులో మిగిలిన నీళ్ల కోసం సంఘం చీలింది, ఇక్కడ అదే దొడ్డి కుండని ఎవరూ ఏమీ అనకుండా నింపేస్తున్నారు. చెంబు గొడవ వ్యాఖ్యానంలో ఉంది, కుండలు మూలంలో ఉన్నాయి. రెండూ కలిపి చదివిన రోజు నాకు మా అమీర్‌పేట క్యాన్ గుర్తొచ్చి ఒక్కణ్ణే నవ్వుకున్నాను. "దాని కోసం నోరు తెరవరు" అన్నదైతే అసాధ్యం అనిపించింది. మా గదిలో క్యాన్ మార్చినవాడు కనీసం వారం పాటు ఆ సంగతి చెప్పుకునేవాడు. నేనూ చెప్పుకున్నాను.

విశాఖ నుంచి భీమిలి వెళ్లే దారిలో తొట్లకొండ చూసే ఉంటారు. అదీ పాత బౌద్ధ విహారమే. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లే ఆ కొండకి ఆ పేరు. అందరూ స్తూపం దగ్గరా, సముద్రం కనిపించేవైపూ ఫోటోలు దిగుతారు. ఈసారి వెళ్తే ఆ తొట్ల దగ్గర కాసేపు నిలబడండి. భోజనశాల పునాదులు కూడా అక్కడే ఉన్నాయి. ఆ నీళ్లు తొట్లోంచి తోడి, అక్కడిదాకా ఎవరో ఒకరు రోజూ మోశారు.

సరే, మరి కళ్లు మూసుకుని చేసే భాగం? అదీ ఉంది, వద్దనడం లేదు. అయిదో శతాబ్దంలో శ్రీలంకలోని అనురాధపురంలో బుద్ధఘోషుడనే పండితుడు తను రాసిన విశుద్ధిమగ్గం అనే ధ్యాన గ్రంథంలో వరసగా చెప్పాడు. ఆయన మన గుంటూరు వైపువాడని కొందరు పండితుల వాదన, ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. వరస ఇది: ముందు నువ్వు, తర్వాత నీకు గౌరవం, ఇష్టం ఉన్న మనిషి, తర్వాత ఇష్టమూ అయిష్టమూ లేని మనిషి, ఆఖరున పడనివాడు. తిన్నగా పడనివాడి దగ్గర మొదలుపెట్టొద్దు, పళ్లు నూరుకోవడం తప్ప ఏమీ జరగదు.

ఈ మూడో మనిషి దగ్గరే నేను చాలా రోజులు ఆగిపోయాను. ఎవరా అని వెతికితే, లిఫ్టు లేని బిల్డింగులో మూడో అంతస్తుకి క్యాన్ భుజాన వేసుకుని ఎక్కే కుర్రాడు దొరికాడు. రెండేళ్లు మా గుమ్మంలోకి వచ్చాడు. పేరు అడగలేదు నేను. ఖాళీ క్యాన్ కాలితో నెట్టి, "భయ్యా, చిల్లర లేదు, రేపిస్తా" అనేవాణ్ణి. మెత్తాకి అతన్ని తీసుకున్నాక మొదటి ఫలితం ఏమిటంటే, చిల్లర ముందే తీసి పెట్టుకోవడం. అంతకు మించి ఏ కాంతీ కనబడలేదు నాకు.

బుద్ధఘోషుడే ఒక పరీక్ష పెడతాడు. నువ్వు, నీకిష్టమైనవాడు, ఏ సంబంధమూ లేనివాడు, పడనివాడు, నలుగురూ కూర్చున్నారు. దొంగలొచ్చి "బలికి ఒకణ్ణి ఇవ్వు" అన్నారు. పడనివాణ్ణి చూపిస్తే ఫెయిల్, అది తెలిసిందే. "వాళ్లని వదిలెయ్యండి, నన్ను తీసుకెళ్లండి" అన్నా ఫెయిలే! నలుగురిలో ఎవర్నీ ఇవ్వడానికి మనసు రాకపోతేనే మనుషుల మధ్య గోడలు కూలినట్టు. ఇది విన్నప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది. మా ఇంట్లో బిందె ఎప్పుడూ అమ్మే ఎత్తేది. నడుం పట్టేసినా "నాకేం పర్లేదులే" అనేది. మనం దాన్ని త్యాగం అని పొగిడి, మళ్లీ బిందె ఆమెకే వదిలేస్తాం. ఆమె లెక్కలో ఆమె లేదు, మన లెక్కలోనూ లేదు. ఆ నలుగురిలో నిన్ను కూడా లెక్కపెట్టుకోమంటున్నాడు ఆయన. సైగ చేసి ఇంకొకర్ని పిలవమని కుండ కథలో చెప్పిందీ అదే.

ఇప్పుడు పాము. ఒక భిక్షువు పాము కరిచి చనిపోయాడు. అప్పుడు బుద్ధుడు నాలుగు జాతుల నాగులకీ, కాళ్లు లేనివాటికీ, రెండు కాళ్లవాటికీ, నాలుగు కాళ్లవాటికీ, అనేక కాళ్లవాటికీ మెత్తా చెప్పుకోమన్నాడు. శ్రీలంకలో, థాయిలాండ్‌లో ఇప్పటికీ ఆ పరిత్త, అంటే రక్షణ కోసం చదివే పాఠం, చదువుతారు. మరి మెత్తా చెప్పేసి పుట్టలో చెయ్యి పెట్టమన్నాడా? అదే వినయపిటకంలో, కొత్తచోటికి వచ్చిన భిక్షువుకి నియమాలున్నాయి. చెప్పులు దులుపుకోవాలి. ఎవరూ ఉండని గదైతే తలుపు తట్టాలి, కాసేపు ఆగాలి, గడియ తీసి తలుపు నెట్టాలి, బయటే నిలబడి లోపల చూడాలి. ఎందుకో ఊళ్లలో పెరిగినవాళ్లకి చెప్పక్కర్లేదు. పాముకి హాని తలపెట్టకపోవడం, పాముకి దారివ్వడం, నీ కాలు నువ్వు కాపాడుకోవడం, అన్నీ ఆ తలుపు తట్టడంలోనే ఉన్నాయి. "నెత్తికెక్కరూ?" అన్న ప్రశ్నకి నా జవాబు ఇదే. రాత్రి తలుపు గడియ వేసుకోండి. గడియ వేస్తే మెత్తా తగ్గిపోదు.

అయ్యో, టైమ్ చూశారా? ఇంట్లో మెత్తా సంగతి ఇంకా మొదలే పెట్టలేదు. గబగబా చెప్పేస్తాను.

అంగుత్తర నికాయం అని బుద్ధుడి బోధల సంకలనం ఒకటుంది. అందులో ఒక చిన్న సుత్తం, అంటే బోధ, ఉంది. కలిగిన కుటుంబాలు ఎందుకు నిలబడవు అంటే నాలుగు కారణాలు: పోయినదాన్ని వెతకరు, పాడైనదాన్ని బాగుచెయ్యరు, తిండికీ తాగుడికీ హద్దుండదు, గుణం లేని మనిషి చేతికి పెత్తనం ఇస్తారు. ఇంతే. పాడైనదాన్ని బాగుచెయ్యడం దగ్గరే ఆగుతాను, మిగతావి మీ ఇంట్లో మీకు తెలుసు.

మీ గ్యాస్ పైపు మీద తేదీ ఎప్పుడైనా చూశారా? నారింజ రంగు సురక్ష పైపు అయితే 5 ఏళ్లకి మార్చెయ్యాలి. స్టవ్ వెనక జిడ్డు తుడిస్తే పైపు మీద అచ్చు కనిపిస్తుంది. ఇంట్లో నలుగురున్నా అది ఎవరికీ కనబడదు, క్యాన్‌లో అర గ్లాసు లాగే. గ్యాస్ వాసన వస్తే లైటు వెయ్యొద్దు, వెలుగుతున్న లైటు ఆర్పొద్దు, రెండూ ప్రమాదమే. రెగ్యులేటర్ కట్టెయ్యాలి, తలుపులూ కిటికీలూ తెరవాలి. ఎల్‌పీజీ గాలికన్నా బరువు, నేలబారున పరుచుకుంటుంది. కాబట్టి పైనున్న కిటికీ ఒక్కటే తెరిస్తే చాలదు. బయటికొచ్చాక 1906కి ఫోన్ చెయ్యాలి. ఈ నంబర్ ఫ్రిజ్ మీద అతికించండి, వంటింట్లో పనిచేసే అమ్మాయికీ చూపించండి. ఆవిడ చేతిలోనే కదా ఎక్కువసేపు ఆ స్టవ్ ఉండేది!

ఇంకోటి. చెంబులో నీళ్లు మిగల్చొద్దన్న నియమం ఉందే, దానికి అసలు కారణం దోమలేనని నా సొంత అనుమానం, ఏ గ్రంథంలోనూ లేదు. డెంగ్యూ దోమ గుడ్డు నుంచి ఎగిరేదాకా వారం పది రోజులు చాలు. కూలర్ అడుగున, కుండీల కింద పళ్లేల్లో, ఖాళీ క్యాన్‌లో కూడా. శుక్రవారం డ్రై డే, నిలవ నీళ్లన్నీ పారబొయ్యండి అన్నది అందుకే.

పెత్తనం గురించీ, డబ్బు నాలుగు వాటాలు చేసుకోవడం గురించీ సిగాలుడనే యువకుడికి బుద్ధుడు చెప్పిన సుత్తం ఉంది. దానికి వేరే వీడియో చేస్తాను.

[కాలింగ్ బెల్ మోగుతుంది. గుమ్మంలో క్యాన్ కుర్రాడు.]

వచ్చేశాడు. చిల్లర ఇక్కడే ఉంది, చూడండి. ఈ మిగిలిన అర గ్లాసు ముందు నేను తాగేస్తాను.

[తాగుతాడు. ఖాళీ క్యాన్ తీస్తాడు. కొత్తది ఎత్తబోయి, నడుం పట్టుకుని, కెమెరా వెనక ఉన్నవాళ్లకి చేత్తో సైగ చేస్తాడు. కెమెరా కదులుతుంది.]