ఎండ తగిలితేనే పలుకుతాయి

(వేసవి ప్రత్యేక చర్చా కార్యక్రమం, స్టూడియో సంభాషణ పాఠం)

వ్యాఖ్యాత: నమస్కారం. బయట ఎండ మాడు పగలగొడుతోంది, లోపల ఏసీ చలికి మాస్టారు శాలువా కప్పుకుని కూర్చున్నారు. ఈ రోజు రాజకీయాలు లేవు కాబట్టి మధ్యలో ఎవరూ మైకు విసిరేసి లేచిపోరని నా ఆశ. వేసవి తిండి, వేసవి పాట, ఆ రెంటి మధ్యా నలిగే సంసారం గురించి మాట్లాడుకుందాం. అమలాపురం నుంచి వచ్చిన పిన్నిగారిది ఆవకాయ కలపడంలో పేరున్న చెయ్యి. విజయవాడ మాస్టారు మృదంగం నేర్పుతారు. వరంగల్ సారు బడిలో తెలుగు పాఠం చెప్తారు, చుట్టాల పెళ్ళిళ్ళలో డప్పు కొడతారు. పిన్నిగారూ, ఈ ఏడు పచ్చడి పెట్టేశారా?

పిన్నిగారు: ఇంకా ఎక్కడండీ! కాయ దొరకాలి కదా. పుల్లగా ఉండాలి, పీచుండాలి, టెంక ముదరాలి. టెంక ముదరని కాయ కొడితే ముక్క నాలుగు నెలలకే మెత్తబడిపోద్ది. బజార్లో కత్తిపీట ముందేసుకుని కూర్చునే అబ్బాయి ఉంటాడు చూడండి, ఆ రెణ్ణెల్లూ అతనే రాజు. మనం వరసలో నిలబడాలి.

మాస్టారు: ముక్కలు కొట్టే ఆ చప్పుడు వినాలండీ. ఒక్క దెబ్బకి టెంకతో సహా రెండు. తాళం తప్పాడంటే వేలు పోతుంది.

వ్యాఖ్యాత: మాస్టారు అప్పుడే తాళంలోకి వెళ్ళిపోయారు.

మాస్టారు: వెళ్ళకుండా ఎలా? మా చిన్నప్పుడు విజయవాడలో రేడియోయే గడియారం. 1948లో పెట్టారు మా ఆకాశవాణి కేంద్రం. పొద్దున్నే భక్తిరంజని వచ్చేది. బాలమురళి గారు అక్కడ పనిచేసిన రోజుల్లో దానికి ప్రాణం పోశారు. భక్తిరంజని అయ్యేసరికి కాయలు కడిగి తుడవడం అయిపోవాలని మా అమ్మ లెక్క. వార్తలు మొదలయ్యాక కూడా ఎవరి చేతిలోనైనా తడికాయ కనబడిందో, ఆ రోజు పెరుగన్నం కూడా ప్రశాంతంగా దిగేది కాదు.

పిన్నిగారు: తుడిచే పని ఎప్పుడూ పిల్లలదే కదండీ. ముక్కలోంచి జీడి తియ్యాలి, లోపలి పొర గీకాలి, పొడిగుడ్డతో తుడవాలి. ఒక్క చుక్క తడి తగిలితే జాడీ జాడీ బూజే. మా ఇంట్లో మగాళ్ళకి కూడా గుడ్డలిచ్చి కూర్చోబెడతాను. ఫోన్లో మాట్లాడుతూ తుడిస్తే మాత్రం ఆ ముక్కలు మళ్ళీ ఇంకొకరికిస్తాను. నమ్మకం లేదు నాకు.

సారు: మా ఇంట్ల మొగోళ్ళను అసలు దగ్గరికి రానియ్యరమ్మా. మా అమ్మ తొక్కు పెడుతుంటే మేం గడపవతల. ఎల్లిపాయలు ఒలిచి పెట్టుడు ఒక్కటే మా వంతు. కిలోలకు కిలోలు ఒలిస్తే గోర్లు మండి రాత్రి నిద్ర పట్టది.

పిన్నిగారు: మీరు అల్లం కూడా వేస్తారు కదా?

సారు: ఎయ్యకుంటె అది తొక్కెట్లయితది? అల్లం ఎల్లిపాయ నూరి, జీలకర్ర, మెంతులు ఏంచి పొడి కొట్టి, నూనె కాగబెట్టి పోపు పెట్టి, మంచిగ సల్లారినంక పోస్తం. మీ లెక్క పచ్చి నూనె పోస్తమంటే మా అమ్మ ఒప్పుకోదు.

పిన్నిగారు: పచ్చి నూనె కాదు బాబూ, పప్పు నూనె. గానుగలో ఆడించిన నువ్వుల నూనె. దాన్ని కాస్తే ఆ కమ్మదనం ఏమైపోవాలి? కారం, ఆవపిండి సమానం, ఉప్పు కాస్త తక్కువ. మూడో రోజు మూత తీసి తిరగ కలిపితే నూనె పైకి తేలాలి. ముక్క నూనెలో మునిగితేనే ఏడాది నిలిచేది.

వ్యాఖ్యాత: ఈ గొడవ తేలేది కాదు. నా మటుకు నాకు రెండూ ఇష్టమే.

పిన్నిగారు: రెండూ ఇష్టమే అనేవాళ్ళు పెళ్ళిచూపుల్లో కూడా అలాగే అంటారండీ. ఒకటి చెప్పండి.

వ్యాఖ్యాత: (నవ్వు) సంగీతంలోకి పారిపోతున్నాను. మాస్టారూ, ఎండాకాలంలో మృదంగం మాట వింటుందా?

మాస్టారు: వినదు. చర్మం కదా. గాలి పొడిగా ఉండి వేడెక్కిందంటే బిగుసుకుపోయి శ్రుతి పైకి పోతుంది. వానాకాలం వదులై కిందికి జారుతుంది. శ్రీరామనవమి పందిట్లో సాయంత్రం శ్రుతి చేసుకుని కూర్చుంటాం, వెనకాల పెద్ద ఫ్యాను పెడతారు, రెండో కీర్తన అయ్యేసరికి వాద్యం మన చేతిలో ఉండదు. గాయకుడు ఇటు తిరిగి చూస్తాడు. రాయి, పుల్ల తీసి అంచు మీద కొట్టుకోవడమే. జనం అదీ కచేరీలో భాగమే అనుకుని తల ఊపుతారు.

సారు: డప్పుకు ఉల్టా సార్. అది వేడి తగిల్తెనే పలుకుతది. పెండ్లిల మంట పెట్టి, కాపి, మోగంగనే కొడతరు. సల్లారితే మళ్ళ మంట కాడికి. మే నెల్ల మాకు ఆ కష్టం తక్కువ. పొద్దున్నే ఎండల పెడితే చాలు, సగం పని సూర్యుడే చేస్తడు.

పిన్నిగారు: అయితే మా ఆవాలు, మీ డప్పు ఒకే మేడ మీద ఎండబెట్టుకోవచ్చు!

మాస్టారు: మీ ఇద్దరికీ నా మృదంగం కూడా చుట్టమేనండీ. ఎడమ పక్క మూతకి కచేరీ ముందు తడిపిన రవ్వముద్ద అంటిస్తాం. అది లేకపోతే ఆ గంభీరమైన నాదం రాదు. మా ఆవిడ ఉప్మాకని తెచ్చిన బొంబాయి రవ్వ మా ఇంట్లో ఎప్పుడూ నిలవుండదు. శిష్యులు నలుగురొచ్చారంటే డబ్బా ఖాళీ. ఇక మృదంగం ఒంటికి వాడే చెక్క అంటారా, పనస.

వ్యాఖ్యాత: పనసంటే పిన్నిగారి కళ్ళు మెరిశాయి.

పిన్నిగారు: ఎందుకు మెరవ్వండీ! లేత కాయ కొట్టించి, ఆవ పెట్టిన పనసపొట్టు కూర లేకుండా మా కోనసీమలో పెళ్ళి భోజనం ఉంటుందా? ఎండాకాలం ముదిరేసరికి పండు. ఆ తొనలు తిని గింజలు దాస్తాం, వాన మొదలయ్యాక కూరకి. మా అత్తగారైతే గింజలు లెక్కపెట్టి మరీ దాచేవారు, కోడళ్ళ మీద నమ్మకం లేక.

మాస్టారు: మీరు కాయ తింటారు, మేం చెట్టు వాయిస్తాం. వీణ కుండ కూడా పనసే. బొబ్బిలి వీణైనా, నూజివీడు వీణైనా ఆ చెక్కలోంచి తొలిచిందే. నూజివీడంటే అందరికీ మామిడిపళ్ళే గుర్తొస్తాయి గానీ, అదే ఊళ్ళో వీణలు చేసే ఇళ్ళున్నాయి. ఒకే ఊరు నోటికీ చెవికీ ఇంత పెట్టడం నాకెప్పుడూ ముచ్చటేస్తుంది. పండ్ల కోసం అక్కడిదాకా వెళ్ళేవాళ్ళు వీణల వైపూ ఓసారి తొంగిచూస్తే బాగుంటుంది. చూడరు. కారు డిక్కీ రసాలతో నిండిపోతుంది.

సారు: పండ్లంటె యాదికొచ్చింది, బంగినపల్లి గొప్పదా, రసాలు గొప్పయా? ఇది తేల్చకుండ నేను వరంగల్ పోను.

పిన్నిగారు: బంగినపల్లి కోసుకుని పళ్ళెంలో పెట్టుకుని తినే పండు, చుట్టాలొచ్చినప్పుడు మర్యాదగా ఉంటుంది. రసం పిసుక్కుని జుర్రుకునేది. మోచేతి దాకా కారాలి. అది ఇంట్లోవాళ్ళ మధ్యే.

మాస్టారు: బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది కదా.

పిన్నిగారు: రానివ్వండి. చిన్నరసానికి ఏ గుర్తింపూ అక్కర్లేదు, చొక్కా మీద మరక చాలు.

వ్యాఖ్యాత: ఒక ఫోన్ కాల్ తీసుకుందాం. చెప్పండమ్మా, ఎక్కడ్నించి?

ఫోన్‌లో శ్రోత: కర్నూలు నుంచి మాట్లాడుతున్నా. మా మనవడు సెలవలకొచ్చినాడు. సంగీతం క్లాసులో చేర్పిస్తే ఇల్లంతా కొట్టుకుంటా తిరుగుతున్నాడు. బిందె లేదు, బీరువా లేదు. మా ఆయనకి మధ్యాన్నం కునుకు లేదు. ఏం చెయ్యాల సామీ?

మాస్టారు: మృదంగమా అమ్మా? "త ధి తొం నం" అంటున్నాడా?

ఫోన్‌లో శ్రోత: అదే! నిద్దర్లో గూడా అదే!

మాస్టారు: అయితే బాగా నేర్పుతున్నారు. భయపడకండి, జూన్‌లో బళ్ళు తెరవగానే చాలామంది ఆగిపోతారు. ఏప్రిల్లో గది పట్టనంతమంది పిల్లలు వస్తారు, జూన్ రెండో వారానికి నేనూ, గోడ గడియారమూ మిగులుతాం. మీవాడు మిగిలితే మాత్రం బీరువా పోయినా ఫర్వాలేదు, ఆపకండి. కునుకు వేళకి ఒక దిండు ఇవ్వండి. దాని మీద కొడితే వేళ్ళకి సాధన అవుతుంది, చప్పుడు రాదు.

సారు: అమ్మా, పిల్లగానికి సుగంధ షర్బత్ తాగిపిస్తున్నరా? మీ సీమల మంచిగుంటది కదా.

ఫోన్‌లో శ్రోత: నన్నారి లేకుంటే మాకు ఎండాకాలమే లేదప్పా. నిమ్మకాయ పిండి, సోడా పోసి ఇస్తే గ్లాసు అయ్యేదాకా ఊరుకుంటాడు. తర్వాత ఆ గ్లాసు మీద వాయిస్తాడు!

వ్యాఖ్యాత: (నవ్వులు) ధన్యవాదాలమ్మా. సారు, మీ ఇంట్లో మధ్యాహ్నం ఏం తాగుతారు?

సారు: జొన్న అంబలి. రాత్రి కాసి పెట్టి, పొద్దున సల్ల కలిపి, ఉల్లిగడ్డ నంజుకుంట తాగుడే. పొలానికి పొయ్యేటోళ్ళకు అది తిండి, నీళ్ళు రెండూ. ఇప్పుడు పట్నంల హోటళ్ళల్ల చిన్న గిలాసల పోసి మీద కొత్తిమీర చల్లి అమ్ముతున్నరు. మా నాయన జూస్తే కళ్ళు తిరిగి పడిపోతడు, బిల్లు చూసి.

పిన్నిగారు: మాకు తరవాణి ఉండేదండీ. గంజి కుండలో పులియబెట్టి, పొద్దున్నే ఆ అన్నంలో ఉప్పూ, ఆవకాయ ఊటా. ఇప్పుడు ఏ ఇంట్లోనూ ఆ కుండ లేదు. ఎవరు కడుగుతారు? నాకైతే ఓపిక లేదు, ఉందని అబద్ధం చెప్పను.

వ్యాఖ్యాత: ఇంకో ఫోన్. త్వరగా చెప్పాలి సార్, టైమ్ లేదు.

ఫోన్‌లో శ్రోత: పిన్నిగారికే అండీ. మా అమ్మాయి డల్లాస్‌లో ఉంది. ఆవకాయ తీసుకెళ్తున్నా. పోయినసారి నూనె కారి పట్టుచీరలన్నీ ఎర్రబడ్డాయి.

పిన్నిగారు: చేతి సంచిలో పెట్టకండి, ఎయిర్‌పోర్టులో తీసి పక్కన పెట్టేస్తారు. పెద్ద పెట్టెలోనే వెయ్యండి. కొత్త ఆవకాయ వద్దు, నెల దాటినది పట్టుకెళ్ళండి, ఊట సర్దుకుని ఉంటుంది. పైన తేలిన నూనె వంచేసి ముక్క, పిండి మాత్రం సర్దండి. డబ్బా మూతకి టేపు, పైన మూడు కవర్లు, ఒక్కో కవరూ విడిగా ముడెయ్యండి. నూనె అక్కడే కొనుక్కుని పోసుకోమనండి. చీరలు ఇంకో పెట్టెలో పెట్టండి.

సారు: మా తొక్కయితే నూనె తక్కువుంటది, కారదు. అడగండి, రాసిస్తా.

పిన్నిగారు: స్టూడియోలోనా బాబూ బేరం!

మాస్టారు: ఆ వంచేసిన నూనె ఎవరికిస్తారో ముందది చెప్పండి. వేడన్నంలో ముద్దపప్పు మీద...

వ్యాఖ్యాత: మాస్టారూ, మైకు ఆపేస్తున్నారు.