గడప దాటిన ముగ్గు

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, సభకు నమస్కారం.

ఈ గ్రంథాలయం గోడలకు తగిలించిన, సిరాతోనూ రంగు పెన్సిళ్లతోనూ గీసిన బొమ్మల గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. వీటన్నిటినీ గీసినవారు ముందు వరుసలోనే కూర్చున్నారు. పేరు పెట్టి పొగిడితే లేచి వెళ్లిపోతానని ముందే హెచ్చరించారు కనుక బొమ్మల గురించే మాట్లాడతాను.

గోదావరి జిల్లాలకు చిత్రకళ కొత్త కాదు. రాజమండ్రిలో ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ప్రోత్సాహంతో మొదలుపెట్టి, బొంబాయిలో చదువుకుని వచ్చిన దామెర్ల రామారావు (1897–1925) గారు ముప్పై ఏళ్లయినా నిండకుండానే కన్నుమూసినా, ఆయన పేరిట చిత్రశాల ఇవాళ్టికీ ఆ ఊళ్లోనే ఉంది. 1933లో నరసాపురంలో పుట్టిన బాపు గారి గీత సంగతి సరేసరి. అయితే ఆ ఇద్దరి బొమ్మలు తలచుకోగానే ముందు మనుషులు కళ్లకు కడతారు. ఇక్కడి బొమ్మల్లో మనిషి దాదాపు లేడు. మనిషి వాడి వదిలిన వస్తువులే ప్రతీకలుగా ఉన్నాయి.

ప్రతీక అనగానే పొడుపు కథ అనుకోవడం మనకు అలవాటు. ఈ పాము దేనికి గుర్తు, ఈ తాళం దేనికి గుర్తు అని అడిగి, జవాబు దొరకగానే పక్క బొమ్మకు వెళ్లిపోతాం. ఈ బొమ్మల దగ్గర ఆ పద్ధతి పనికిరాదు, ఎందుకంటే ఇక్కడ వస్తువు ముందు వస్తువుగా నిలబడి, ఆ తరువాతే గుర్తు అవుతుంది. తలలేని కొబ్బరి చెట్టునే చూడండి. కొబ్బరికి పెరిగే చోటు ఒక్కటే. మొవ్వు విరిగితే మాను నిలబడి ఉన్నా చెట్టు పోయినట్టే. 1996 నవంబరు తుపాను తరువాత కోనసీమలో ఉన్నవారికి ఈ మాట ఎవరూ చెప్పనక్కరలేదు. మట్టలు రాలిన చారలను మొదటి నుంచి పై దాకా ఒక్కటీ వదలకుండా సిరాతో గీశారు కాబట్టే, పైన ఏమీ లేని ఆ చోటు మనల్ని పట్టి ఆపుతుంది.

అన్నిటికంటే ఎక్కువసేపు నిలబడి చూడవలసింది కిటికీ పక్కనున్న గడప బొమ్మ. పసుపు రాసిన గడప, బొట్లు, తెరిచిన తలుపు. దాని అవతల వాకిలి లేదు, వరద గోదారి ఉంది. ఏటి కోతకు లంక భూమి జారిపోవడం చూసినవారు గీసిన బొమ్మ అది. రంగు పెన్సిల్‌లోని మైనం మీద పాళీ జారుతుంది, సిరా పట్టదు; అందుకని నల్ల గీతలన్నీ ముందే గీసి ఆరనిచ్చారు. నీటికి అడుగున పసుపు, దాని మీద ఇటుకరంగు, ఆపైన పలచగా ఊదా, ఇలా పొర మీద పొర వేస్తే తప్ప మన ఎర్రనీటి రంగు రాదు. ఇక అందులోని ముగ్గు తెల్లరంగుతో వేసింది కాదు. రంగు వేయకముందే సిరా లేని పాళీతో కాగితాన్ని నొక్కి గీశారు. పైన పెన్సిల్ ఎన్నిసార్లు నడిచినా ఆ గాట్లలోకి రంగు దిగదు కనుక, వాకిలి కరిగిపోయిన చోట కూడా ముగ్గు నీళ్లలో తెల్లగా సాగుతూనే ఉంటుంది. ఇక్కడ పనితనాన్నీ భావాన్నీ విడదీసి చెప్పడం నా వల్ల కాదు.

అన్నీ ఇంత బాగున్నాయని అనను. ఆకాశంలో కన్ను, గొలుసు వేసిన పావురం ఉన్న రెండు బొమ్మలు ఏ ఊరి వారైనా గీయగలిగినవి. వాటి పక్కనే, కోనసీమలో సంక్రాంతికి జరిగే జగ్గన్నతోట తీర్థానికి చేనుకు అడ్డంపడి వెళ్లే ప్రభను, అంటే వెదురుతో ఎత్తుగా కట్టి రంగు బట్టలు చుట్టినదాన్ని, మోసేవాళ్లు లేకుండా, వంగిన వరి మీద తేలుతున్నట్టు గీసిన బొమ్మ ఉండడంతో తేడా ఇంకా తెలిసిపోతోంది. వారు నన్ను క్షమించాలి.

చివరగా, కొనుక్కునేవారికి ఒక మనవి. మన గాలిలో తేమ ఎక్కువ. కాగితానికి బూజు త్వరగా పడుతుంది. ఫ్రేము కట్టించేటప్పుడు అద్దం బొమ్మను అంటకుండా మధ్యలో అట్ట పెట్టించండి, ఎండ పడే గోడకు తగిలించకండి. గడప బొమ్మను మాత్రం ఎవరూ అడగవద్దు. దాన్ని గ్రంథాలయానికే ఇస్తానని వారు ఇందాకే ఒప్పుకున్నారు.